కోయ ఇంట్లో ఉంటే కోయ మాట వస్తుందా?

స్పానిష్ నేర్చుకునే అమెరికా విద్యార్థులు చాలామంది ఒక సెమిస్టర్ స్పెయిన్‌కో మెక్సికోకో వెళ్లి, అక్కడ ఎవరో ఒకరి ఇంట్లో ఉంటారు. పగలు కాలేజీలో పాఠం, రాత్రి ఇంటివాళ్లతో భోజనం. ఇంట్లో ఉంటే భాష దానంతటదే వస్తుందన్న నమ్మకం మీద నడిచే ఏర్పాటు ఇది. భద్రాచలం ఏజెన్సీలో కొత్తగా ఉద్యోగంలో చేరే టీచరుకూ నర్సుకూ ఇదే అవసరం పడుతుంది, సముద్రం దాటకుండానే. చర్ల వైపో చింతూరు వైపో బస్సు దిగి గూడెంలోకి నడిస్తే ఇళ్లలో వినిపించేది కోయ. 2011 జనాభా లెక్కల్లో అది తమ మాతృభాష అని చెప్పినవాళ్లు దేశంలో సుమారు 4 లక్షల మంది.

బయటివాళ్లు ఇక్కడికొచ్చి ఈ మాట నేర్వడం కొత్త కాదు. దుమ్ముగూడెంలో ఉన్న మిషనరీ జాన్ కెయిన్ 1870లలోనే భద్రాచలం, రేకపల్లి తాలూకాల జనం గురించి ‘ఇండియన్ యాంటిక్వరీ’లో రాశాడు. వియన్నా నుంచి వచ్చిన మానవ శాస్త్రవేత్త ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ 1940లలో గోదావరి కొండల్లో కొండరెడ్ల మధ్య తిరిగాడు. ఆదిలాబాద్ అడవుల్లో మార్లవాయిలో గోండుల నడుమ కాపురముండి, కోయకు అతి దగ్గరి చుట్టమైన గోండి నేర్చుకున్నాడు. అమెరికా మానవ శాస్త్రవేత్త స్టీఫెన్ టైలర్ గోదావరి ఒడ్డున ఉండే గొమ్ము కోయల భాషకు వ్యాకరణం రాశాడు. అది 1969లో అచ్చయింది.

టైలర్ అంతకు ముందే, 1966లో, కోయల బంధుత్వ పిలుపుల మీద ఒక వ్యాసం ప్రచురించాడు. వంశవృక్షం గీసుకుని, ఎవరు ఎవరికి ఏమవుతారో రాసుకుంటే పిలుపులన్నీ తెలిసిపోతాయని అప్పటి పండితులు చాలామంది అనుకునేవారు. టైలర్ కాదన్నాడు. ఒకే మనిషిని పిలిచే పిలుపు కూడా ఎక్కడున్నాం, ఎదుట ఎవరున్నారు అన్నదాన్ని బట్టి మారుతుందని చూపించాడు. అత్త, మామ, బావ వరసలు తెలిసిన మనకు ఇది వెంటనే అర్థమవుతుంది. ఏ పిలుపు ఎప్పుడు నప్పుతుందో పుస్తకం చెప్పలేదు. ఆ పిలుపు పలికిన చోట మనం ఉండాలి.

అసలు ఇంట్లో ఉంటే చెవికి, మెదడుకు జరిగేదేమిటి? తెలియని భాష మొదట మధ్యలో ఎక్కడా తెంపు లేని ప్రవాహంలా వినిపిస్తుంది. ఒక మాట ఎక్కడ ముగిసి ఇంకోటి ఎక్కడ మొదలవుతుందో తెలియదు. 1996లో జెనీ సాఫ్రాన్ అనే పరిశోధకురాలు, ఇద్దరు సహచరులు 8 నెలల పసిపిల్లలకు అర్థం లేని అక్షరాల వరసను 2 నిమిషాలు వినిపించారు. నడుమ ఎక్కడా విరామం లేదు. అయినా ఏ అక్షరాలు కలిసి వస్తున్నాయో పిల్లలు పట్టేశారు. ‘గోదారి’ అన్న మాట తీసుకోండి. ‘గోదా’ విన్నాక ‘రి’ రావడం తరచూ జరిగేదే. ‘రి’ తర్వాత మాత్రం ఏ అక్షరమైనా రావచ్చు. మాటకు అంచు అక్కడుంది. ఈ లెక్కను పెద్దవాళ్ల మెదడు కూడా తెలియకుండానే వేసుకుంటుంది. అయితే వేసుకోవడానికి అవే మాటలు మళ్లీ మళ్లీ చెవిన పడాలి. పొయ్యి, నీళ్లు, గొడ్లు, అన్నం, నిద్ర అంటూ రోజూ అవే పనుల చుట్టూ తిరిగే ఇల్లు ఆ పని చేసిపెడుతుంది.

వినిపిస్తే చాలనుకుంటే పొరపాటు. పట్రీషియా కూల్ బృందం 2003లో 9 నెలల అమెరికా పిల్లలకు మాండరిన్ చైనీస్ వినిపించింది. కొందరితో చైనీస్ మాట్లాడే మనుషులు నేల మీద కూర్చుని ఆడుతూ మాట్లాడారు. మరికొందరికి ఆ మాటలే టీవీలో చూపించారు. 12 విడతల తర్వాత, మనుషులతో గడిపిన పిల్లలు ఆ భాష ధ్వనుల తేడాను తైవాన్ పిల్లల్లాగే గుర్తుపట్టారు. టీవీ చూసినవాళ్లకు ఏమీ రాలేదు.

మరి ఇంట్లో మనుషులుంటే సరిపోతుందా? స్పెయిన్‌లోని అలికాంటేలో సెమిస్టర్ గడిపిన విద్యార్థులనూ, అమెరికాలోనే క్లాసులో చదివినవాళ్లనూ నార్మన్ సెగలోవిట్జ్, బార్బరా ఫ్రీడ్ 2004లో పోల్చారు. వెళ్లొచ్చినవాళ్ల మాట ధారాళమైంది. అయితే క్లాసు బయట ఎవరు ఎంతసేపు స్పానిష్‌లో గడిపారన్న లెక్కకూ, వచ్చిన మెరుగుకూ నేరుగా పెద్ద సంబంధం కనిపించలేదు. ఇంటివాళ్లతో జరిగే సంభాషణ చాలావరకు అవే నాలుగు పొడి మాటలు కావడం ఒక కారణం కావచ్చని వాళ్లు అనుకున్నారు. నాకు ఈ ఫలితమే అన్నిటికన్నా ముఖ్యమనిపిస్తుంది. భోజనం అయిందా, పడుకుంటావా అన్న పలకరింపుల దగ్గర ఆగిపోయే అతిథికి భాష రాదు. ఇంటిపనిలో చెయ్యి కలిపి, ఆ పని సాగడానికి మాట తప్పనిసరైన మనిషికి వస్తుంది.

పని జరుగుతున్నప్పుడు మన మాతృభాష కాస్త వెనక్కి జరగాలి కూడా. స్పెయిన్‌లో ఉంటూ స్పానిష్ నేర్చుకుంటున్న విద్యార్థులకు ఆ రోజుల్లో ఇంగ్లిష్ మాటలు తడుముకోవాల్సి వచ్చిందని 2009లో జేరెడ్ లింక్, జూడిత్ క్రోల్, గ్రెచెన్ సండర్మన్ చూపించారు. కొత్త భాషకు దారివ్వడానికి మెదడు పాతదాన్ని కాసేపు అణచి ఉంచుతుంది.

భద్రాచలంలో చిక్కంతా ఇక్కడే ఉంది. ఇక్కడి కోయల్లో చాలామంది పెద్దవాళ్లకు తెలుగు బాగా వచ్చు. టీచరు గడప తొక్కగానే, మర్యాద కొద్దీ, ఇల్లంతా తెలుగులోకి మారిపోతుంది. దానికి తోడు తెలుగు, కోయ ఒకే ద్రావిడ శాఖవి. క్రియ చివర వస్తుంది, విభక్తులు పేరు వెనక చేరతాయి, ‘మనం’, ‘మేము’ తేడా ఉంటుంది. ట, త ధ్వనుల తేడా వినడానికి ఇంగ్లిష్ చెవి అవస్థ పడుతుంది, మనకు ఆ బాధ లేదు. ఇన్ని అనుకూలతలే మనల్ని పక్కదారి పట్టిస్తాయి. తెలుగులో ఆడవాళ్లూ ‘వచ్చారు’, మగవాళ్లూ ‘వచ్చారు’, మేకలు ‘వచ్చాయి’. గోండి, కోయల్లో బహువచన క్రియకు మగవాళ్లది ఒక రూపం, ఆడవాళ్లకూ మేకలకూ కలిపి ఇంకో రూపం. తెలుగు అచ్చులో కోయ మాటలు పోసి మాట్లాడేవాళ్లు ఇలాంటి చోట్ల తప్పుతూనే ఉంటారు. అర్థమయింది కదా అని ఎవరూ దిద్దరు.

ఇదంతా పెద్దవాళ్లు ఇష్టపడి చేసే ప్రయాణం గురించి. కోయ పిల్లలు రోజూ దీనికి ఎదురు దిశలో వెళుతున్నారు. ఇంటిని, ఇంటి భాషను వదిలి తెలుగు పుస్తకం ముందు కూర్చుంటున్నారు. వాళ్ల కోసం 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కోయతో సహా 8 గిరిజన భాషల్లో మాతృభాషా బోధన మొదలుపెట్టింది. పుస్తకం కోయలో ఉన్నంత మాత్రాన సరిపోదు, చదివించే మనిషికీ కోయ రావాలి. ఏజెన్సీకి కొత్తగా వచ్చే ప్రతి టీచరూ బడి తెరవకముందే కొన్ని వారాలు గూడెంలో ఒక ఇంట్లో ఉండాలని, ఆ ఇంటికి ప్రభుత్వమే అద్దె, తిండి ఖర్చు ఇవ్వాలని నా కోరిక. చదువుకున్న యువకులున్న ఇల్లు వద్దు, వాళ్లు తెలుగులో మాట్లాడేస్తారు. ముసలమ్మ, బడికి పోని పసిపిల్లలు ఉన్న ఇల్లు చూడాలి. వేసవి సెలవులైతే తునికాకు కోత సాగుతుంటుంది. సాయంత్రాలు ఇంటిల్లిపాదీ కూర్చుని ఆకును లెక్కపెట్టి కట్టలు కడతారు. టీచరూ ఆ కట్టల ముందు కూర్చుని, అంకెలు కోయలో పలుకుతూ ఆకు అందించాలి. తప్పు లెక్కపెడితే పసిపిల్లలు మొహమాటం లేకుండా అక్కడికక్కడే దిద్దుతారు.