మన దేశపు కొండకొసలు

ఊరి పక్కన గుట్ట ఉంటుంది. గుట్ట పైకెక్కి చూస్తే ఊరంతా కనపడుతుంది. కొండకు అన్నిటికంటే పైనున్న కొసను శిఖరం అంటారు. మన దేశానికి నాలుగు దిక్కులా శిఖరాలున్నాయి. కొన్నిటి మీద ఏడాది పొడుగునా మంచే. కొన్నిటి మీద దట్టమైన అడవి. ఒక శిఖరమైతే సముద్రం నడుమ దీవిలో ఉంది. వీటిలో ఏది ఎక్కువ ఎత్తు? ఏ దిక్కున ఏది ఉంది? వాటితో కిందుండే మనుషులకు ఏం పని?

ఎత్తును ఎక్కణ్ణించి కొలుస్తారు?

కొండ ఎత్తును పక్కనున్న ఊరి నేల నుంచి కొలిస్తే లెక్క కుదరదు. ఊళ్ళన్నీ ఒకే మట్టంలో లేవు గదా! అందుకని అన్ని కొండలకూ ఒకే లెక్క పెట్టుకున్నారు. సముద్రపు నీటి మట్టాన్ని సున్నా అనుకుంటారు. అక్కణ్ణించి పైకి ఎన్ని మీటర్లుంటే అదే కొండ ఎత్తు. ఒక మీటరు అంటే మూడడుగుల మూడంగుళాల కంటే కొంచెం ఎక్కువ.

మరి అంత పెద్ద కొండను ఎట్లా కొలుస్తారు? ఎక్కకుండానే కొలవచ్చు. ముందు ఒక తాటిచెట్టును కొలిచి చూద్దాం. ఎండలో మీటరు పొడుగున్న కర్రను నిలబెట్టండి. దాని నీడ రెండు మీటర్లు వచ్చిందనుకోండి. అదే సమయంలో తాటిచెట్టు నీడ 30 మీటర్లు ఉంది. కర్ర నీడ కర్రకు రెండింతలుంది. చెట్టు నీడ కూడా చెట్టుకు రెండింతలే ఉంటుంది. కాబట్టి చెట్టు ఎత్తు 15 మీటర్లు. చెట్టెక్కే పని లేకుండానే ఎత్తు తెలిసిపోయింది.

కొండలను నీడతో కొలవరు. ముందు నేల మీద రెండు చోట్లు ఎంచుకుని, వాటి మధ్య దూరం కొలుస్తారు. ఆ రెండు చోట్ల నుంచీ దుర్భిణి అమర్చిన పరికరంతో శిఖరాన్ని చూస్తారు. చూపు ఎంత వాలుగా పైకి పోతోందో రాసుకుంటారు. దాన్నిబట్టి లెక్క కడతారు. మన దేశాన్ని ఇలా కొలిచే పెద్ద పనిని 1802లో మద్రాసులో లాంబ్టన్ అనే ఇంగ్లీషు అధికారి మొదలుపెట్టాడు. కొలత సాగి సాగి హిమాలయాల దాకా పోయింది. అప్పటిదాకా ప్రపంచంలో కాంచనగంగ శిఖరమే ఎత్తయినదని అనుకునేవారు. 1852లో రాధానాథ్ సిక్దర్ అనే బెంగాలీ లెక్కల పండితుడు ఇంకొక శిఖరం అంతకంటే ఎత్తని తేల్చాడు. అదే ఎవరెస్టు. కొండెక్కకుండా, కాగితం మీద లెక్కతోనే ఆ సంగతి తెలిసింది. ఎవరెస్టు నేపాల్, చైనా సరిహద్దులో ఉంది. అది మన దేశంలోది కాదు.

అన్నిటికంటే ఎత్తయినవి

మన దేశ పటంలో చూపించే శిఖరాలలో అన్నిటికంటే ఎత్తయినది కె-2. దాని ఎత్తు 8,611 మీటర్లు. అది కాశ్మీరులో పాకిస్తాన్ ఆక్రమించుకున్న భాగంలో ఉంది. మన ఆధీనంలో ఉన్న వాటిలో కాంచనగంగ పెద్దది. ఎత్తు 8,586 మీటర్లు. ప్రపంచంలో మూడోది. ఇది సిక్కిం, నేపాల్ సరిహద్దులో ఉంది. మన అల్లూరి సీతారామరాజు జిల్లాలోని అర్మకొండ ఎత్తు సుమారు 1,680 మీటర్లు. ఐదు అర్మకొండలు ఒకదానిమీద ఒకటి పెట్టినా కాంచనగంగ అంత ఎత్తు కావు.

సిక్కిం ప్రజలకు కాంచనగంగ దేవుడితో సమానం. 1955లో మొదటిసారి ఎక్కినవాళ్ళు ఆ మాట మన్నించారు. కొన్ని అడుగులు మిగిలి ఉండగానే ఆగి, కొసమీద కాలు పెట్టకుండా దిగి వచ్చారు. 2001లో సిక్కిం ప్రభుత్వం తమ వైపు నుంచి ఆ శిఖరాన్ని ఎక్కడం నిషేధించింది. ఆ కొండ మంచు కరిగిన నీళ్ళు తీస్తా నదిలో కలుస్తాయి. ఆ నది కింద ఎన్నో ఊళ్ళున్నాయి.

పూర్తిగా మన దేశం లోపలే ఉన్న శిఖరాలలో నందాదేవి పెద్దది. ఎత్తు 7,816 మీటర్లు. ఇది ఉత్తరాఖండ్‌లో ఉంది. ఆ చుట్టుపక్కల పుట్టే నది రిషిగంగ. ఆ నది ఒడ్డున రైనీ అనే ఊరుంది. 1974లో అడవి నరకడానికి కూలీలు వచ్చారు. ఊళ్ళో మగవాళ్ళు లేరు. గౌరాదేవి అనే ఆమె ఆడవాళ్ళను కూడగట్టి చెట్లకు అడ్డం నిలబడింది. వచ్చినవాళ్ళు వెనక్కి పోయారు. చెట్లను వాటేసుకుని కాపాడే ఆ ఉద్యమాన్ని చిప్కో అంటారు.

అదే చోట 2021 ఫిబ్రవరి 7న ఘోరం జరిగింది. నందాదేవి దాపున రోంటి అనే శిఖరం ఉంది. దాని మీదినుంచి పెద్ద రాతిచరియ మంచుతో సహా విరిగి పడింది. రిషిగంగలోకి ఒక్కసారిగా వరద దూకింది. రెండు వందల మందికి పైగా చనిపోయారు, గల్లంతయ్యారు. వాళ్ళలో చాలామంది నది మీది కరెంటు కేంద్రాల దగ్గర పనిచేస్తున్న కూలీలే. కొండకొసన జరిగింది కింద పనిచేసుకునే వాళ్ళ మీద పడింది.

నాలుగు దిక్కుల శిఖరాలు

ఉత్తరం: లడఖ్‌లో సాసర్ కాంగ్రి ఉంది. ఎత్తు 7,672 మీటర్లు. లడఖ్‌లో వాన చాలా తక్కువ. కొండల మీది మంచు కరిగి వచ్చే నీళ్ళతోనే అక్కడి రైతులు బార్లీ పండిస్తారు.

తూర్పు: అరుణాచల్ ప్రదేశ్‌లో దఫా బమ్ ఉంది. ఎత్తు 4,500 మీటర్లు దాటుతుంది. కింద వేడి అడవి, పైన మంచు. అందుకే అక్కడి నమ్‌దఫా అడవిలో పులి, చిరుత, మంచు చిరుత, మబ్బు చిరుత నాలుగూ ఉన్నాయి.

పడమర: గుజరాత్‌లో గిర్నార్ ఉంది. ఎత్తు 1,100 మీటర్లకు పైన. గిర్నార్ వాగులకు అడ్డం కట్టవేసి, రెండు వేల ఏళ్ళ కిందటే సుదర్శనం అనే చెరువు కట్టారు. గాలివానకు ఆ కట్ట తెగింది. రుద్రదాముడనే రాజు మళ్ళీ కట్టించాడు. జనం మీద పన్ను వేయకుండా, వెట్టి చేయించకుండా కట్టించానని కొండ కింద బండ మీద రాయించాడు. ఆ రాత ఇప్పటికీ ఉంది. రాత ఉంది కాబట్టే ఆ చెరువు సంగతి మనకు తెలిసింది.

దక్షిణం: కేరళలో ఆనముడి ఉంది. ఎత్తు 2,695 మీటర్లు. దక్షిణ భారతంలో ఇదే ఎత్తయిన శిఖరం. ఇంకా దక్షిణాన, కేరళ, తమిళనాడు సరిహద్దులో అగస్త్యమలై ఉంది. ఎత్తు 1,868 మీటర్లు. అక్కడ పుట్టిన తామ్రపర్ణి నది తిరునెల్వేలి వరిపొలాలకు నీరిస్తుంది. కేరళ వైపు నుంచి ఆ శిఖరం దాకా ఆడవాళ్ళను పోనిచ్చేవారు కాదు. 2018లో కేరళ హైకోర్టు ఆ అడ్డు తీసేసింది. 2019 జనవరిలో ధన్యా సనల్ అనే అధికారిణి శిఖరం ఎక్కింది.

దేశానికి మరీ దక్షిణపు కొసన గ్రేట్ నికోబార్ దీవి ఉంది. దాని మీద తులియర్ శిఖరం ఉంది. ఎత్తు 642 మీటర్లే. కానీ చుట్టూ ఉప్పునీరే ఉన్న దీవిలో మంచినీటి వాగులు ఇలాంటి కొండల్లోనే పుడతాయి.

కొండ ఎంత ఎత్తున్నా చేసే పని ఒకటే. మబ్బును ఆపుతుంది. మంచునో వాననో పట్టి ఉంచుతుంది. నీళ్ళను కొద్దికొద్దిగా కిందికి వదులుతుంది. మన ఊరి గుట్ట చేసేదీ ఇదే. గుట్ట మీద చెట్టు పోతే వాన మట్టిని కోసుకుపోతుంది. ఆ మట్టి వచ్చి చెరువులో పడుతుంది. చెరువు పూడుతుంది. చెరువు పూడితే పైరెండుతుంది. అందుకని గుట్ట సంగతి ఊరందరి సంగతి.

ఆలోచించండి, చర్చించండి

1. మీ ఊరికి దగ్గర్లో ఏ గుట్ట ఉంది? దాని మీది వాననీరు ఎటు పారుతుంది?
2. ఇరవై ఏళ్ళ కిందట ఆ గుట్ట మీద ఏయే చెట్లుండేవి? పెద్దవాళ్ళను అడిగి పేర్లు రాయండి.
3. మీటరు కర్ర నీడ ఒకటిన్నర మీటరు ఉంది. అప్పుడు వేపచెట్టు నీడ 12 మీటర్లు ఉంది. వేపచెట్టు ఎత్తు ఎంత?