కొలువులోని పాత బొమ్మలు

గోదావరి జిల్లాలలో సంక్రాంతికి బొమ్మల కొలువు తీర్చడం తరతరాల ఆచారం. బేసి సంఖ్యలో మెట్లు కట్టి, తెల్లని వస్త్రం పరచి, దేవతామూర్తుల మొదలు పల్లె జీవితాన్ని చూపే బొమ్మల వరకు వరుసగా నిలుపుతారు. ఏటా ఒక కొత్త బొమ్మనైనా చేర్చాలన్న నియమం ఉన్నందున, రెండు మూడు తరాలు గడిచేసరికి సామాన్య గృహస్థుని ఇంట కూడా విలువైన సేకరణ ఏర్పడుతుంది.

అయితే చేర్చడంలో ఉన్న శ్రద్ధ కాపాడడంలో కనిపించదు. ఏడాదిలో నాలుగు రోజులు కొలువుదీరే బొమ్మ మిగిలిన కాలమంతా అటుకమీదనే ఉంటుంది. మొగల్తూరు మండలానికి పేరుపాలెం వద్ద సముద్రమే హద్దు. ఆ తేమగాలికి రంగు పొరలుగా లేస్తుంది, కర్రకు పురుగు పడుతుంది. అప్పుడు బొమ్మను కాలువలో విడవడమో, మెరిసే ఎనామిల్ రంగు పూయడమో జరుగుతున్నది. రెండవది కూడా ఒక విధంగా బొమ్మను పోగొట్టుకొనడమే.

బొమ్మను బాగుచేయదలచినవారు మొదట దాని నిర్మాణాన్ని గ్రహించాలి. కొండపల్లి బొమ్మను తేలికైన తెల్ల పొణికి కర్రతో చేస్తారు. అంబారీ ఏనుగైనా, కల్లుగీత కార్మికుడైనా అవయవాలను విడివిడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. ఆపై సుద్ద పూసి రంగులు వేస్తారు. మక్కు, సుద్ద రెండూ నీటికి మెత్తబడేవే. కనుక తడిగుడ్డతో తుడిస్తే మురికితోపాటు రంగు, కొన్నిసార్లు చేయి కూడా ఊడివస్తుంది! మెత్తని పొడి కుంచెతో దుమ్ము దులపడమే క్షేమం. ఊడిన ముక్కను పారవేయక మక్కుతోనే అతకాలి. గట్టి రసాయనపు జిగురు వాడితే, మరల దెబ్బ తగిలినప్పుడు అతుకు నిలిచి పక్కనున్న మెత్తని కర్ర విరుగుతుంది.

ఏటికొప్పాక బొమ్మల రీతి వేరు. తరిణిపై తిరిగే అంకుడు కర్రకు రంగు లక్కను ఒత్తగా, రాపిడి వేడికి లక్క కరిగి అంటుకొంటుంది. లక్క స్పిరిటులో కరుగుతుంది, వేడికి మెత్తబడుతుంది. కాబట్టి ఆ బొమ్మకు స్పిరిటు తగలనీయరాదు, ఎండలో పెట్టరాదు. ఈ కళలో సహజ వర్ణాల వాడుకను పునరుద్ధరించిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ లభించింది. ఇక కాల్చని మట్టిబొమ్మ నీరు తగిలితే తిరిగి మట్టే.

వెలిసిన రంగును మార్చవలెనా అన్న ప్రశ్న అన్ని దేశాల సేకర్తలకూ ఉన్నదే. డెన్మార్కు దేశస్థుడు థామస్ డామ్ రూపొందించగా 1960 దశకంలో లోకమంతా వ్యాపించిన ట్రోల్ బొమ్మలకు ఉన్ని జుట్టు ఉండేది. కొత్త ఉన్ని అతికిన బొమ్మకంటె, చెదిరినదైనా తొలినాటి జుట్టున్న బొమ్మకే సేకర్తలు ఎక్కువ విలువ కడతారు. మన కొలువు బొమ్మకు పూజార్హత కూడా ఉండడంవలన దేవతామూర్తి ముఖాన్ని వెలవెలబోనీయడానికి పెద్దలకు మనసొప్పదు. ఆ భావన గౌరవింపదగినదే. అట్టి సందర్భంలో పాత రంగును గీకక, రంగు రాలినంత మేరకే నీటిరంగు అద్దడం మేలు.

పండుగ ముగిసిన పిమ్మట బొమ్మలను నీడలో ఆరబెట్టి, ఒక్కొక్కదానిని పాత నూలుగుడ్డలో చుట్టి, ఎండిన వేపాకు వేసిన పెట్టెలో ఉంచాలి. ఏ ఊరి బొమ్మ, ఏ ఏట ఎవరు కొన్నారు అన్న వివరాన్ని చిన్న కాగితంపై రాసి ఆ గుడ్డలోనే పెట్టాలి. ఆ సంగతులు తెలిసిన అమ్మమ్మలు ఇంట ఉండగానే ఆ పని చేయాలి.