చిట్టాలో కదలని పని



మనలో చాలామందికి నోటుపుస్తకం చివరి పేజీలో చేయాల్సిన పనులు రాసుకునే అలవాటు ఉంది. లెక్కల హోంవర్కు, బట్టలు ఉతకడం, లైబ్రరీ పుస్తకం తిరిగి ఇవ్వడం. అయిపోగానే కొట్టేస్తాం. కాని ఒకటి రెండు పనులు మాత్రం వారాల తరబడి కదలవు. ఎందుకో ఎప్పుడైనా ఆలోచించారా?

పోయిన ఏడాది మా అక్క పదో తరగతి. సంక్రాంతి సెలవుల ముందే 'కుల సర్టిఫికెట్ తేవాలి' అని రాసుకుంది. పేజీ నిండినప్పుడల్లా కొత్త పేజీలోకి ఎక్కించేది. పాలిసెట్ రాసింది, ర్యాంకు కూడా వచ్చింది. కౌన్సెలింగ్ నాటికి సర్టిఫికెట్ చేతికి రాలేదు. సీటు పోయాక వచ్చింది. అక్క బద్ధకస్తురాలు కాదు. రాసుకున్న తీరులోనే తప్పుంది.

అది ఒక పని కాదు గదా! నాన్నకి కబురు పెట్టాలి. రేషన్ కార్డు, ఆధార్ జిరాక్సులు తెప్పించాలి. ఫోటో దిగాలి. మీసేవలో దరఖాస్తు పెట్టాలి. విచారణకి వస్తే ఇంట్లో పెద్దవాళ్ళు ఉండాలి. 'ఇల్లు కప్పాలి' అనుకుంటే ఇల్లు కప్పబడుతుందా? ముందు కొండెక్కి గడ్డి కోయాలి, ఎండబెట్టాలి, మోపులు కట్టి దించాలి. మన పెద్దలు 'రేపు గడ్డికి పోవాలి' అంటారు. ఆ మాటలోనే కిటుకు ఉంది.

అమెరికాకు చెందిన డేవిడ్ అలెన్ 2001లో 'గెట్టింగ్ థింగ్స్ డన్' అనే పుస్తకంలో ఇదే చెప్పారు. ఒకటికంటే ఎక్కువ అంచెలున్న ప్రతిదాన్నీ ఆయన ప్రాజెక్టు అన్నారు. ప్రాజెక్టును ఎవరూ ఒక్కసారిగా చేయలేరు, దాని తర్వాతి అంచెను మాత్రమే చేయగలరు. నేను ఈ ఏడాది ఇలా చేశాను:

1. పెద్ద పనులకు వేరే పేజీ పెట్టాను. పైన, ఏం జరిగితే పని అయిపోయినట్టో రాశాను: 'సర్టిఫికెట్ నా ట్రంకుపెట్టెలో ఉండాలి'. పక్కన గడువు తేదీ.

2. కింద తెలిసినంతవరకు అంచెలు రాశాను. అన్నీ ముందే తెలియక్కర్లేదు. తెలియకపోతే 'క్లాసు టీచరుని అడగాలి' అన్నదే మొదటి అంచె.

3. రోజు చిట్టాలోకి ఇప్పుడు చేయగలిగిన అంచెను మాత్రమే ఎక్కించాను. 'ఆదివారం నాన్న వచ్చినప్పుడు రేషన్ కార్డు జిరాక్సు అడగాలి' అని, ఎవరిని, ఎప్పుడు అన్నది తెలిసేలా. ఫోటో దిగడానికి జిరాక్సుతో సంబంధం లేదు, కాబట్టి ఆ రెండూ ఒకేసారి ఎక్కించాను. దరఖాస్తు మాత్రం ఆ రెండూ అయ్యాకే.

4. ఒక అంచె కొట్టేయగానే తర్వాతిది ఎక్కించాలి. ఇక్కడ మరిచిపోతే పని మళ్ళీ అక్కడే ఆగిపోతుంది.

5. పని ఇతరుల చేతిలో ఉంటే 'ఎదురుచూపు' అని రాసి, మళ్ళీ ఎప్పుడు అడగాలో తేదీ వేశాను. ఆఫీసులో పడిన కాగితం మనం అడగకపోతే నిద్రపోతుంది.

6. ఆదివారం బట్టలు ఆరేశాక పది నిమిషాలు ఆ పేజీ చూస్తాను. ప్రతి పెద్ద పనికీ రోజు చిట్టాలో ఒక అంచె గాని, ఎదురుచూపు గాని ఉందా? లేకపోతే అది ఆగిపోయినట్టే.

ప్రతి చిన్నదానికీ ఇంత అక్కర్లేదు. తలనూనె కొనడానికి అంచెలెందుకు? మూడు రోజులైనా కదలని పనిని మాత్రం విడదీసి చూడండి.

నా సర్టిఫికెట్ ట్రంకుపెట్టెలోకి వచ్చేసింది. అక్క ఈసారి మళ్ళీ పాలిసెట్ రాస్తోంది. ఆమె కాగితాల అంచెలు కూడా నా పేజీలోనే ఉన్నాయి. పదో తరగతి మిత్రులారా, మీ పేజీ ఈ ఆదివారమే మొదలుపెట్టండి.

— పదవ తరగతి విద్యార్థిని