మౌస్ ఎవరి చేతిలో ఉంది?

2022లో, మా వాడు మూడో తరగతిలో ఉన్నప్పుడు, ఒకరోజు వాళ్ళ క్లాసుకి సాయంగా వెళ్ళాను. మెల్‌బోర్న్ పడమటి శివార్లలో ఒక మామూలు ప్రభుత్వ ప్రైమరీ స్కూలు. అమ్మానాన్నలు అప్పుడప్పుడూ వచ్చి పిల్లల చేత పుస్తకాలు చదివించడం, రంగు కాగితాలు కత్తిరించి పెట్టడం ఇక్కడ అలవాటే. నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణని తెలిసి టీచరు నన్ను స్క్రాచ్ క్లాసుకి రమ్మన్నారు. స్క్రాచ్ అంటే ఎమ్మైటీ వాళ్ళు 2007లో విడుదల చేసిన, రంగురంగుల దిమ్మలు పేర్చి ప్రోగ్రాములు రాసే భాష. మీలో చాలామంది పిల్లల పక్కన కూర్చుని దాన్ని చూసే ఉంటారు.

ఇద్దరికి ఒక ల్యాప్‌టాప్, దానికో మౌస్. తెర మీద పిల్లి ఒక అంచు నుంచి రెండో అంచుకి నడవాలి, అంచు తగలగానే వెనక్కి తిరగాలి. మా వాడికి అది కొట్టిన పిండి. ఇంట్లో ఎప్పుడో చేసేశాడు. చకచకా దిమ్మలు లాగి పేర్చేస్తున్నాడు. పక్కన కూర్చున్న అమ్మాయి చేతులు ఒళ్ళో పెట్టుకుని చూస్తోంది. ఇరవై నిమిషాలు గడిచినా ఆ పిల్ల మౌస్‌ని ఒక్కసారైనా ముట్టుకోలేదు. నిజం చెప్పొద్దూ, అంతసేపూ నేను చూసింది మా వాడి వేగాన్నే. లోలోపల మురిసిపోయాను కూడా.

టీచరు వచ్చి ఎవర్నీ ఏమీ అనలేదు. బల్ల మీద ఒక ఇసుక గడియారం పెట్టి క్లాసు మొత్తానికీ ఒకే నియమం చెప్పారు. మౌస్ పట్టుకున్నవాళ్ళు ఆలోచన చెప్పకూడదు, ఆలోచన చెప్పేవాళ్ళు మౌస్ ముట్టకూడదు. ఇసుక జారిపోగానే తారుమారు. మనం ఆఫీసుల్లో గొప్పగా చెప్పుకునే పెయిర్ ప్రోగ్రామింగ్ ఇదే కదా!

మా వాడి మొహం ముడుచుకుపోయింది. ఆ అమ్మాయి నోరు విప్పి అన్న మొదటి మాట, "వెనక్కి వచ్చేప్పుడు పిల్లి తలకిందులుగా నడుస్తోందేం?" అని. చూస్తే నిజమే. పిల్లి కాళ్ళు ఆకాశం వైపు ఉన్నాయి. మా వాడికీ కనబడలేదు, పక్కనే నుంచున్న నాకూ కనబడలేదు. పిల్లి ఏ తీరున తిరగాలో చెప్పే దిమ్మ ఒకటి వేరే ఉంటుంది. దాన్ని వెతికి పట్టుకోవడానికి ఆ ఇద్దరికీ గడియారాన్ని రెండుసార్లు తిరగెయ్యాల్సి వచ్చింది.

అప్పటి నుంచీ బడిలో టెక్నాలజీ అనే మాట వినబడితే నాకు మొదట తోచే ప్రశ్న ఎన్ని పరికరాలు ఉన్నాయని కాదు, మౌస్ ఎవరి చేతిలో ఉందని.

ఒక ఎలుక, పది మంది పిల్లలు

ఇది మా ఊరి బడికి మాత్రమే పట్టిన జబ్బు కాదు. బెంగుళూరులోని మైక్రోసాఫ్ట్ రిసెర్చ్ ఇండియాలో పనిచేసిన ఉదయ్ సింగ్ పవార్, జోయోజిత్ పాల్, కెంటారో తొయామా 2006లో ఇదే సంగతి రాశారు. పల్లెటూరి బడుల్లో ఒక్కో కంప్యూటరు చుట్టూ పదిమంది దాకా మూగి ఉంటే, మౌస్ మాత్రం దబాయించగల ఒక్కరి చేతిలో ఉండేది. వాళ్ళు కనిపెట్టిన ఉపాయం మనలాంటి వాళ్ళకి నచ్చేదే. ఒకే కంప్యూటరుకి పిల్లలందరికీ తలా ఒక మౌస్ తగిలించి, తెర మీద ఒక్కొక్కరికీ ఒక్కో రంగు బాణం ఇచ్చారు.

అక్కడా ఒక చిక్కు ఎదురైంది. ముందు నొక్కినవాడిదే గెలుపు అంటే కొందరు ప్రశ్న చదవకుండానే నొక్కేసేవారు. అందరూ నొక్కితేనే ఆట ముందుకు కదులుతుంది అన్నప్పుడు ఒకళ్ళకొకళ్ళు చెప్పుకోవడం మొదలుపెట్టారు. హార్డ్‌వేరు అదే, నియమం వేరు. తొయామా ఆ తర్వాత 2015లో రాసిన 'గీక్ హెరెసీ' పుస్తకంలో తేల్చిన మాట కూడా దీనికి దగ్గరదే. టెక్నాలజీ మనుషుల్లో ఉన్నదాన్నే పెంచి చూపిస్తుంది. మంచి టీచరు ఉంటే మంచిని, లేకపోతే లోటుని.

పదమూడు లక్షల చదరపు కిలోమీటర్ల క్లాసు

ఈ దేశంలో ప్రైమరీ పిల్లలకి టెక్నాలజీతో పాఠం చెప్పడం ఐప్యాడ్‌లతో మొదలవలేదు. పశువుల పెంపకానికి పెట్టింది పేరైన ఎడారి ప్రాంతంలో ఒక ఇంటికీ ఇంకో ఇంటికీ వందల కిలోమీటర్ల దూరం. అక్కడి పిల్లలకి చదువంటే పోస్టులో వచ్చే కాగితాలే. కాళ్ళతో తొక్కి కరెంటు పుట్టించుకునే రేడియోని ఆల్‌ఫ్రెడ్ ట్రేగర్ 1920లలో తయారుచేశాడు. ఫ్లయింగ్ డాక్టర్ సేవ దాని మీదే నడిచింది. ఆ రేడియోనే బడికీ వాడొచ్చని అడిలైడ్‌కి చెందిన అడిలైడ్ మీథ్కీ అనే విద్యావేత్తకి తోచింది. అలా 1951లో ఆలిస్ స్ప్రింగ్స్‌లో 'స్కూల్ ఆఫ్ ది ఎయిర్' మొదలైంది. దాని పరిధి సుమారు 13 లక్షల చదరపు కిలోమీటర్లు, అంటే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కి నాలుగున్నర రెట్లకు పైనే.

రేడియో పోయి ఉపగ్రహాల ఇంటర్నెట్ వచ్చింది. పద్ధతి మాత్రం మారలేదు. టీచరు ప్రతి పిల్లనీ పేరు పెట్టి పిలుస్తుంది, ప్రతి పిల్లకీ మాట్లాడే వంతు వస్తుంది. ఇవతల పిల్ల పక్కన అమ్మో, గవర్నెస్సో కూర్చుని పాఠం చేయిస్తుంది. అప్పుడప్పుడూ పిల్లలంతా ఊళ్ళోకి వచ్చి కలుసుకుంటారు. తీగ లేని బడే గానీ మనిషి లేని బడి కాదు.

దీని విలువ మా ఇంటికి 2020లో తెలిసింది. మెల్‌బోర్న్‌లో 2020, 2021 సంవత్సరాల్లో ఆరు విడతలుగా మొత్తం 262 రోజులు లాక్‌డౌన్. మా ఆవిడా, నేనూ చెరో గదిలో మీటింగుల్లో ఉండేవాళ్ళం. ఒకటో తరగతి వాడు ఐప్యాడ్ ముందు. గుంటూరు నుంచి వచ్చి విమానాలు ఆగిపోయి ఇరుక్కుపోయిన మా అత్తగారు వాడి పక్కన. ఆవిడకి ఇంగ్లీషు అంతంతమాత్రం. అయినా పాఠం అవగానే, "మీ టీచరమ్మ ఏం అడిగిందిరా? నువ్వేం చెప్పావు?" అని అడిగేవారు. వాడు తెలుగులో మళ్ళీ అంతా చెప్పాల్సి వచ్చేది. ఆ ఏడాది వాడు నేర్చుకున్నదాంట్లో సగం పుణ్యం ఆవిడదే అని నా నమ్మకం.

లెక్కపెట్టడం తేలిక

పరికరాలు లెక్కపెట్టడం తేలిక కాబట్టి ప్రభుత్వాలు ముందు ఆ పనే చేస్తాయి. ఆస్ట్రేలియా ప్రభుత్వం 2008లో మొదలుపెట్టిన 'డిజిటల్ ఎడ్యుకేషన్ రివల్యూషన్' తొమ్మిది నుంచి పన్నెండు తరగతుల వారికి తలా ఒక కంప్యూటరు అంది. రెండు బిలియన్ డాలర్లకు పైగా ఖర్చు పెట్టింది. 2013తో ఆ డబ్బు ఆగిపోయాక చాలా బడులు 'మీ పరికరం మీరే తెచ్చుకోండి' అన్నాయి. ఇప్పుడు ఈ మాట ప్రైమరీ దాకా దిగి వచ్చింది. బిల్లు సర్కారు నుంచి ఇంటికి మారింది.

పెరూ దేశం సంగతి ఇంకా స్పష్టం. 'పిల్లకో ల్యాప్‌టాప్' పథకం మీద 319 పల్లె బడుల్లో జరిగిన అధ్యయనం 2012లో వెలువడింది. కంప్యూటర్లు బోలెడు పెరిగాయి, లెక్కల్లోనూ భాషలోనూ మార్కులు పెరగలేదు. మన వడోదరలో 2000ల తొలినాళ్ళలో జరిగిన ప్రయోగం దీనికి పూర్తిగా ఎదురు. నాలుగో తరగతి పిల్లలు ఇద్దరికి ఒక కంప్యూటరు, వారానికి రెండే గంటలు. వాళ్ళ స్థాయికి తగ్గట్టు మారే లెక్కల ఆటలు, పక్కన చూసుకునే మనిషి. లెక్కల మార్కులు బాగా పెరిగాయి.

ఆస్ట్రేలియాలోని 'పిల్లకో ల్యాప్‌టాప్' సంస్థ ఈ పాఠం గ్రహించినట్టుంది. మారుమూల బడుల కోసం 2008లో మొదలైన ఆ సంస్థ, ముందు టీచరు శిక్షణ పూర్తిచేస్తేనే ల్యాప్‌టాప్‌లు అనే పద్ధతి పెట్టుకుంది. 2012 బడ్జెట్‌లో 50 వేల ల్యాప్‌టాప్‌లకు 11.7 మిలియన్ డాలర్లు దానికి దక్కాయి.

ఇంకో చిన్న ఉదాహరణ. నాప్లాన్ పరీక్షలు 2018 నుంచి విడతలుగా ఆన్‌లైన్‌కి మారాయి. మూడో తరగతి రచన పరీక్షని మాత్రం కాగితం మీదే ఉంచారు. ఎనిమిదేళ్ళ పిల్ల టైపింగు వేగం కాదు కదా కొలవాల్సింది! ఎక్కడ వాడకూడదో తెలియడం కూడా టెక్నాలజీ తెలియడమే.

మన వంతు

2021 జనాభా లెక్కల ప్రకారం ఈ దేశంలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు దాదాపు 60 వేల మంది. వాళ్ళలో మనలాంటి ఐటీ వాళ్ళు ఎందరో చెప్పనక్కరలేదు. స్కూలు సమావేశాల్లో మన మాటకి విలువ ఉంది. ఆ మాటని "మా పిల్లలకి ఇంకా కొత్త ఐప్యాడ్‌లు ఎప్పుడు?" అనడానికి ఖర్చు చేయకుండా, ఈ నాలుగూ అడిగితే బాగుంటుంది.

ఒకటి: మీరు అడుగుతున్న పరికరాల్లో అన్నిటికన్నా చవకైన దాని మీద ఈ యాప్ పనిచేస్తుందా? రెండు: ఇంట్లో ఇంటర్నెట్ లేని పిల్ల ఈ హోంవర్క్ చెయ్యగలదా? ఇంటర్నెట్ లేని 30 వేల కుటుంబాలకి ఉచితంగా ఇవ్వాలని ప్రభుత్వం 2023లో ఒక పథకం మొదలుపెట్టిందంటేనే, అలాంటి ఇళ్ళు మన పక్క వీధిలోనూ ఉన్నాయని అర్థం. మూడు: కొనలేని పిల్లకి బడి ఇచ్చే పరికరం మిగతా వాళ్ళ దానిలాగే కనబడుతుందా, లేక దూరం నుంచే తెలిసిపోతుందా? నాలుగు: టీచరుకి దీన్ని నేర్చుకోవడానికి ఎన్ని గంటలు ఇచ్చారు?

ఇక ఇంట్లో చెయ్యాల్సిన పని ఒకటుంది. ఆ రోజు కారులో మా వాడిని, "ఇవాళ నువ్వేం చేశావురా?" అని అడగబోయి ఆగి, "ఆ అమ్మాయి ఏం కనిపెట్టింది?" అని అడిగాను. వాడు కాసేపు కిటికీలోంచి చూసి, "నేను చూడనిది చూసింది నాన్నా" అన్నాడు. నేనూ చూడలేదని వాడికి చెప్పాను.