ఈ ఏడాది తయారీ... వచ్చే ఏడాది మోడల్!

అమెరికాలో కెంటకీ రాష్ట్రం బౌలింగ్ గ్రీన్ పట్టణంలో కార్వెట్ కార్ల కోసమే కట్టిన మ్యూజియం ఒకటుంది. అక్కడున్న ఒక తెల్లకారు ప్రపంచంలో మరెక్కడా కనిపించదు. అది 1983 మోడల్ కార్వెట్. ఆ ఏడాది పేరుతో కంపెనీ ఒక్క కార్వెట్ కూడా అమ్మలేదు. పరీక్షల కోసం చేసిన 43 బండ్లలో మిగిలింది ఇదొక్కటే. 1983లో ఫ్యాక్టరీ మూతపడిందా అంటే అదీ లేదు. కొత్త డిజైన్ ఆలస్యమైంది. దాంతో 1983 మొదట్లోనే ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చిన బండ్లకు ఏకంగా 1984 మోడల్ అని పేరు పెట్టేశారు.

ఇలా పెట్టడం అక్కడ చట్టబద్ధమే. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ నిబంధన ప్రకారం, ఏ మోడల్ ఏడాది తయారీ కాలంలోనైనా ఆ ఏడాది జనవరి 1 తప్పనిసరిగా ఉండాలి, మరో జనవరి 1 ఉండకూడదు. అంటే 2026 మోడల్‌ను 2025 జనవరి 2 నుంచే తయారు చేయవచ్చు, 2026 డిసెంబరు 31 దాకా కొనసాగించవచ్చు. మొదటి బండికీ చివరి బండికీ దాదాపు రెండేళ్ల తేడా ఉన్నా, కాగితాల మీద రెండూ ఒకే మోడల్. పొగ, మైలేజీ ప్రమాణాలు మోడల్ ఏడాదిని బట్టి మారుతుంటాయి కాబట్టి, కంపెనీలు ఎంతవరకు సాగదీయవచ్చో ప్రభుత్వం ఇలా గీత గీసింది.

అయితే ఏడాదికో మోడల్ అన్న ఆలోచన ప్రభుత్వానిది కాదు. అది పక్కా వ్యాపార లెక్క. హెన్రీ ఫోర్డ్ 1908 నుంచి 1927 దాకా మోడల్-టి అనే ఒకే కారును కోటిన్నర తయారు చేశాడు. ధర తగ్గించుకుంటూ పోవడమే ఆయన పద్ధతి. 1920ల మధ్యకు వచ్చేసరికి కారు కొనగలిగిన వాళ్లలో చాలామంది కొనేశారు. పాత కారు ఇచ్చి కొత్తది తీసుకునే బేరాలు పెరిగాయి. కొత్త కారుకు అసలు పోటీ బాగానే నడుస్తున్న పాత కారే అయింది. ఈ సంగతిని అందరికంటే ముందు పట్టుకున్నవాడు 1923లో జనరల్ మోటార్స్ అధ్యక్షుడైన ఆల్‌ఫ్రెడ్ స్లోన్. 1927లో హార్లీ ఎర్ల్ అనే డిజైనర్‌ను తెచ్చి, కార్ల రంగూ రూపూ చూసుకోవడానికే ఒక విభాగం పెట్టించాడు. లోపలి ఇంజిన్ అలాగే ఉన్నా పైరూపం ఏటా కాస్త మారాలి, పక్కింటి వాకిట్లో కొత్తది కనబడగానే మన కారు పాతబడినట్టు అనిపించాలి. వ్యాపారంగా అది గొప్ప తెలివే. కానీ చెడిపోని వస్తువు మీద దాని యజమానికే మనసు విరిచేయడం న్యాయమని నాకెప్పుడూ అనిపించలేదు.

దాని ఖర్చును లెక్కకట్టిన వాళ్లూ ఉన్నారు. ఫ్రాంక్లిన్ ఫిషర్, జ్వీ గ్రిలిచెస్, కార్ల్ కేసెన్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు 1962లో ప్రచురించిన అధ్యయనంలో, 1949 నాటి కార్లనే కొనసాగించి ఉంటే ఎంత మిగిలేదో చూశారు. 1950ల చివరికి ఒక్కో కారు ధరలో సుమారు నాలుగో వంతు ఈ మార్పుల వల్లే పెరిగిందని తేల్చారు. తోకరెక్కల కార్లు రోడ్లేలిన రోజులవి. కొత్త మోడళ్లు వచ్చే వేళకు షోరూం అద్దాలకు కాగితాలు అంటించి, ఫలానా రోజున తెర తీస్తామని ఊరంతా ఊరించేవారు.

ఆ తెర శరదృతువులోనే ఎందుకు లేచేదన్నదాని వెనుక కార్మికుల కథ ఉంది. 1930ల మధ్య దాకా కొత్త కార్లు జనవరిలో, న్యూయార్క్ ప్రదర్శన సమయంలో వచ్చేవి. జనం ఎలాగూ వసంతంలోనే కార్లు కొంటారు. రెండూ కలిసి రావడంతో ఆ కొన్ని నెలలూ ఫ్యాక్టరీల్లో ఊపిరాడని పని, తర్వాత మోడల్ మార్పు కోసం లైన్లు ఆపేస్తే నెలల తరబడి కూలి లేని రోజులు. మహామాంద్యం కాలంలో డెట్రాయిట్ కార్మిక కుటుంబానికి అది తిండి సమస్య. రూజ్వెల్ట్ ప్రభుత్వం ఒత్తిడి చేయడంతో 1935లో ప్రదర్శనను నవంబరుకు జరిపారు. పని కొంతైనా ఏడాది పొడవునా సర్దుకుంటుందన్నది ఆశ. అమ్మకాల సంబరంగా మనం చూసే తేదీకి మూలం కూలీల ఆకలి అన్న సంగతి కార్ల చరిత్రల్లో ఇంకాస్త ఎక్కువగా కనబడాలి.

తేదీని కావాలని తప్పిన కారు ఫోర్డ్ మస్టాంగ్. 1964 ఏప్రిల్ 17న, అంటే మోడల్ ఏడాది నడిమధ్యన, న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో విడుదలైంది. కంపెనీ రికార్డుల్లో అవన్నీ 1965 మోడళ్లే. అభిమానులు మాత్రం తొలి నెలల బండ్లను 'అరవై నాలుగున్నర' అని వేరుచేసి చెబుతారు. బానెట్ ఎత్తితే తేడా తెలిసిపోతుంది. తొలి బండ్లలో బ్యాటరీని ఛార్జ్ చేసేది జనరేటర్, ఆ వేసవి చివర నుంచి ఆల్టర్నేటర్. ఆ ఒక్క భాగాన్ని చూసి ఇవాళ పాతకార్ల సేకర్తలు బేరం ఆడతారు.

మామూలు కొనుగోలుదారుకు ఇంత తంటా అక్కర్లేదు. 1981 నుంచి అమెరికాలో ప్రతి కారుకూ 17 అక్షరాల గుర్తింపు సంఖ్య ఉంది. అందులో పదోది మోడల్ ఏడాది. 2024కు ఆర్, 2025కు ఎస్, 2026కు టి. ఇక డ్రైవర్ తలుపు తెరిస్తే, తలుపు ఆనుకునే అంచున ఒక చిన్న స్టిక్కర్ ఉంటుంది. తయారైన నెలా సంవత్సరమూ అసలు లెక్కన ఉండేది దాని మీదే. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో సెకండ్ హ్యాండ్ క్యామ్రీ చూడటానికి వెళ్లే మన పిల్లలు ప్రకటనలోని ఏడాదితో ఆగకుండా ఆ స్టిక్కర్ చదవాలి. ఒకే ఏడాది మోడల్‌గా అమ్మకానికి పెట్టిన రెండు బండ్లలో ఒకదాని టైర్లు, బ్యాటరీ ఏడాదికి పైగా పాతవై ఉండొచ్చు.

మన దగ్గర ఆర్సీలో తయారైన నెల, సంవత్సరం ఉంటాయి. నా దృష్టిలో ఇదే నిజాయతీ గల పద్ధతి. దీనికీ ఒక చిక్కుంది. డిసెంబరు ఆఖరున తయారైన బండి వారం తిరిగేసరికి 'పోయినేడాది బండి' అయిపోతుంది. హైదరాబాద్, విజయవాడ షోరూముల్లో ఏడాది చివర తగ్గింపులు గుప్పించేది అందుకే. పదేళ్లు వాడుకునేవాళ్లకు అది మంచి బేరం. మూడేళ్లలో అమ్మేసే ఆలోచన ఉంటే మాత్రం ఆ తగ్గింపు రీసేల్‌లో కరిగిపోవచ్చు. జనవరిలో కొంటున్నవాళ్లు డబ్బు కట్టకముందే తయారీ నెల అడిగి, ఇన్వాయిస్‌లోని ఛాసిస్ నంబరును బండి మీది నంబరుతో సరిచూసుకోవాలి.

ఇప్పుడు ఎలక్ట్రిక్ కార్లు ఈ లెక్కను ఇంకా కలగాపులగం చేస్తున్నాయి. టెస్లా లాంటి కంపెనీ మార్పుల కోసం కొత్త ఏడాది దాకా ఆగదు. సిద్ధమైన భాగాన్ని సిద్ధమైనప్పుడే లైనులో పెట్టేస్తుంది, కొన్ని మార్పులను సాఫ్ట్‌వేర్‌తో రాత్రికి రాత్రే పంపేస్తుంది. అందుకే స్పేర్ పార్టు కావాలని వెళితే ఏ ఏడాది మోడల్ అన్న ఒక్క జవాబు చాలదు. గుర్తింపు సంఖ్య మొత్తం చెప్పమంటారు.