చీకటిని కాచే ఎర్ర దీపం

దాదరులో కనిపించే చుక్కలను లెక్కపెట్టడానికి రెండు చేతుల వేళ్లు చాలు. కామాటిపురా చాల్‌లలో ఆకాశమే జానెడు. అందుచేత మన పిల్లలకు నిండు ఆకాశం చూపించాలంటే, వానలు వెనుకబట్టిన తరువాత, అమావాస్య దగ్గరి రాత్రి, కర్జత్ బండి ఎక్కించి వాంగణి దాకా తీసుకొని పోవలె. 1985లో ఏర్పడిన ఖగోళ్ మండల్ వారు ఆకాశ దర్శనానికి ఏళ్ల తరబడి జనాన్ని తీసుకువెళ్లిన చోటు అది.

ఇంత ప్రయాసపడి సంపాదించిన చీకటిని ఒక్క టార్చి పాడుచేస్తుంది! మసక వెలుతురులో చూపునిచ్చే కణాలు మన కంటిలో వేరే ఉన్నవి. వాటిలోని రొడాప్సిన్ అనే రంగు పదార్థం వెలుగు తగిలితే విరిగిపోతుంది. తిరిగి కూడుకోవడానికి 20, 30 నిమిషాలు పడుతుంది. (‘ఎ’ విటమిను లోపించినవారికి రేచీకటి వచ్చేది ఈ పదార్థం చాలకనే.) ఎవరో సెల్‌ఫోను వెలిగించారంటే, అంతవరకు కనబడిన దేవయాని గెలాక్సీ చుట్టూ ఉన్నవారందరికీ మాయమే. పాపం, నిద్ర మానుకొని వచ్చిన పిల్లలు!

అయితే ముదురు ఎరుపు ఈ కణాలకు దాదాపు ఆనదు. పటం చదివే పని వేరే కణాలు చూసుకుంటవి.

సులువైన ఉపాయం: దీపావళి కందీళ్లకు వాడే ఎర్ర జిలెటిన్ కాగితాన్ని మూడు నాలుగు మడతలు వేసి, టార్చి అద్దానికి రబ్బరు బ్యాండుతో బిగించడం. ఒక్క మడత చాలదు. ఇప్పటి తెల్ల ఎల్.ఇ.డి. టార్చిలలో నీలం హెచ్చు. పల్చని కాగితంలోంచి కొంత జారుతుంది.

ఓపిక ఉన్నవారు కామాటిపురాకు చేరువలోని లామింగ్టన్ రోడ్డులో ఎర్ర ఎల్.ఇ.డి., 470 ఓముల రెసిస్టరు, రెండు పెన్సిలు సెల్సు పట్టే డబ్బా కొనవచ్చును. ఎల్.ఇ.డి. పొడుగు కాలిని రెసిస్టరు గుండా ధనధ్రువానికి, పొట్టి కాలిని ఋణధ్రువానికి కలపాలి. రెసిస్టరు మానితే వెలుగు కళ్లకు కొడుతుంది, ఎల్.ఇ.డి. మాడిపోవచ్చు కూడా.

ఎర్రదే గదా అని ధాటిగా వెలిగించరాదు. పటం దగ్గరగా పెట్టుకొని చదవగలిగితే చాలు. ఇంకా హెచ్చనిపిస్తే అమ్మాయిల ఎర్ర గోళ్ల రంగు ఒక పూత వేయండి. పటంలో ఎర్ర సిరాతో గుర్తులుంటే మాత్రం ఈ వెలుగులో కనబడవు. ముందే పెన్సిలుతో దిద్దుకోవలె.

గట్ల మీద నడిచేటప్పుడు మామూలు టార్చియే మేలు, పురుగూ పుట్రా ఉంటవి. చోటు చేరిన తరువాత దాన్ని ఆర్పి, ఎర్రది బయటికి తీయండి.