లోచెవికి మందు చేరు త్రోవ

చెవుడునకు మందేదని యడిగినవారికి నేను మొదట మందు మాట చెప్పను. త్రోవ మాట చెప్పుదును. మహమ్మద్ నగరు పెద్దలకు ఈ భేదము సులభముగ బోధపడును. 1931వ సంవత్సరమున పూర్తియైన నిజాంసాగరమున నీరెంత నిండియున్నను, కాలువ సాగనిచో చివరి మడి యెండక తప్పదు గదా! లోచెవి యట్టి చివరి మడి.

కర్ణభేరికి లోపల మధ్యకర్ణము, దానికిని లోపల ఎముకలో దాగిన నత్తగుల్లవంటి భాగము కలవు. ఆ గుల్లలో, ఒక్కొక్క చెవికి సుమారు 15,000 రోమకణము లుండును. ధ్వనిని నాడికి అందించునవి యివియే. కోడికి ఇవి నశించినను మరల మొలచును, మనుష్యునకు మొలవవు. మనము చెవిలో వేయు చుక్కలు కర్ణభేరికడనే నిలిచిపోవును. మ్రింగిన మందు నెత్తురుతో పోయినను, అచ్చటి రక్తనాళముల గోడలు కొద్దిపాటినే లోనికి విడుచును. వైద్యుడు సూదితో మధ్యకర్ణములో మందుంచినచో, చాలవరకు గొంతులోనికి దిగు గొట్టముగుండ జారిపోవును. లోచెవి గుండ్రని కిటికీని కప్పిన పలుచని పొరగుండ కొంత మాత్రము చొచ్చును.

ఆ పొరను దాటించుటకే శాస్త్రజ్ఞులు నానోకణములను సిద్ధపరచుచున్నారు. మిల్లీమీటరును 10,00,000 భాగములు చేసిన నొక భాగము నానోమీటరు. అట్టివి కొన్ని పదులో, వందలో వెడల్పుగల క్రొవ్వు బుడగలలోనో, రొయ్యపొట్టునుండి తీసిన కైటోసాను గుళికలలోనో మందును పొదుగుదురు. అవి మందును మెల్లమెల్లగ విడుచును. ఈ విద్య యింకను చాలవరకు ఎలుకలమీదను, గినీపందులమీదను పరీక్షింపబడుచున్నది.

జన్యుచికిత్స మాత్రము మనుష్యులవరకు వచ్చినది. శరీరము దేనిని ఎట్లు నిర్మింపవలెనో తెలుపు వంశపారంపర్యపు వ్రాతయే జన్యువు. ఓటోఫెర్లిన్ అను మాంసకృత్తునకు సంబంధించిన జన్యువు చెడి పుట్టుచెవుడు కలిగిన ఆరుగురు బిడ్డలకు షాంఘై వైద్యులు సరియైన జన్యువును లోచెవిలోని కెక్కించిరి; ఐదుగురికి వినికిడి కలిగినదని 2024 జనవరిలో ప్రకటించిరి. వారి వాహనము నానోగుళిక కాదు, హానిచేయని యొక వైరసు. బండి చిన్నది, మూట పెద్దది. అందుచే మూటను రెండుగా విడదీసి రెండు బండ్లలో పంపిరి! పెద్ద మూటను మోయగల బండి దొరకుననియే నానోకణములపై ఆశ.

ఆ చికిత్స ఆ యొక్క దోషమునకే. తక్కిన పుట్టుచెవిటి బిడ్డలలో పెక్కుమందికి కాక్లియర్ ఇంప్లాంటు కలదు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకమున దానికిని చోటు కల్పించిరి. రోమకణములతో పనిలేక అది నాడినే విద్యుత్తుతో మేల్కొలుపును. కాని మాటలు నేర్చు వయసు దాటిన పిదప అమర్చిన ఫలము తక్కువ. మీ యింటి పసిబిడ్డ పెద్ద చప్పుడునకు ఉలికిపడకున్నచో, మేనమామకును మాటలాలస్యముగ వచ్చెనని యూరకుండక, పరీక్షకు తీసికొనిపొండు. నిద్రించు బిడ్డకే, నొప్పి లేకుండ, చెవిలో చిన్న గొట్టమునుంచి కొన్ని నిమిషములలో దానిని ముగింతురు.